మూడో కెటిల్ దగ్గర ఉత్తమ నటి

ఆ సోమవారం పదకొండు గంటల లోపల చేయాల్సిన పనులు ఇవి:

గేటుకు పచ్చ జెండా కట్టడం.
ఇసుక బకెట్లలోని బీడీ ముక్కలు ఏరేసి, బకెట్లకు ఎర్ర రంగు వేయడం.
స్ట్రెచరు గుడ్డ ఉతికించి ఇస్త్రీ చేయించడం.
షామియానా వేయించడం. అందరికీ ప్లాస్టిక్ కుర్చీలు, జనరల్ మేనేజరు గారికి మాత్రం మెత్త ఉన్న కుర్చీ.
టైమాఫీసు దామోదరానికి అరవడం నేర్పించడం.
మూడో కెటిల్ కింద వాల్వు మార్చడం.
ఫొటోగ్రాఫరుకు గుర్తుచేయడం.

వాల్వు తప్ప అన్నీ అయ్యాయి. వాల్వు మార్చాలంటే ఒక పూట లైను ఆపాలి. లైను ఆపితే చూడవచ్చిన పెద్దలకు ఫ్యాక్టరీ నడుస్తున్నట్టు కనబడదు. కాబట్టి ఆ పని పై వారానికి వాయిదా పడింది. అంతకు ముందు వారం కూడా అది పై వారానికే వాయిదా పడింది.

మాది చిత్తూరు నుంచి పుత్తూరు పోయే రోడ్డు మీద ఉన్న మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. కాయలు దిగే రోజుల్లో ట్రాక్టర్లు గేటు బయట బారులు తీరి ఉంటాయి. కాయను కడిగి, టెంక తీసి, గుజ్జును కెటిల్ అనే పెద్ద స్టీలు పాత్రలో ఉడికిస్తారు. ఆ ఉడుకు మీదనే డబ్బాల్లోకి పట్టి మూత వేస్తారు. నీళ్లు పడితే జారిపోతాయి. గుజ్జు అలా కాదు, పడిన చోటే అతుక్కుని కాలుస్తుంది. నేను అక్కడ సేఫ్టీ అసిస్టెంటును. మా ఇంట్లో డిగ్రీ చదివినవాళ్లలో నేనే మొదటివాణ్ణి, కాబట్టి రూలు అంటే నాకు భయమూ ఉంది, భక్తీ ఉంది.

ఆ రోజు మాక్ డ్రిల్. అంటే ప్రమాదం జరిగినట్టు నటించి, అందరూ కాపాడినట్టు నటించడం. కాలినవాడి పాత్ర దామోదరానిది. పొద్దున్నుంచి షెడ్డు వెనక సాధన చేయిస్తున్నాను.

"అమ్మా... కాలిందే..." అన్నాడు దామోదరం, లీవు అడిగినట్టు.

"ఇంకొంచెం గట్టిగా అన్నా."

"గట్టిగా అరిస్తే నా పెండ్లాం నిజమనుకుంటాది సార్. పక్క షెడ్లోనే కాయలు కడగతా ఉండాది. పరిగెత్తుకోని వచ్చేస్తాది."

ఫిట్టరు ఖాదర్ బాషా పైపు మీద కూర్చుని వింటున్నాడు. "రాదులే అబ్బా, అరువు. ఇరవై ఏండ్లుగా నువ్వు పనిచేసేది చూస్తా ఉండాది. నీకు ఏ పనన్నా నిజంగా జరగతాదంటే ఆయమ్మ నమ్మతాదా?"

సైరను మోగడానికి ఇంకా కొంత సమయం ఉంది. జనరల్ మేనేజరు భుజంగరావు గారు కుర్చీలో కూర్చుని పెన్ను మూత తీశారు. అంతలో మూడో కెటిల్ కింద వాల్వు దగ్గింది. దగ్గడం అని మా వాళ్లే అంటారు. ముసలి వాల్వు ముందు ఒకసారి గురగురమని, తరువాత నోటి నిండా ఉన్నది కక్కుతుంది. డబ్బాలు పడుతున్న రెడ్డెమ్మ కుడి చేతి మీద, మోచేతి నుంచి వేళ్ల దాకా, ఉడుకు గుజ్జు పడింది.

ఆమె అరిచిన అరుపుకు షామియానా మీది కాకులు లేచిపోయాయి.

"మొదలైపోయింది!" అని ఎవరో ఈల వేశారు. ఇస్త్రీ చేసిన స్ట్రెచరు వచ్చింది. నలుగురు మనుషులు రెడ్డెమ్మను ఎత్తి పడుకోబెట్టి, ప్లాను ప్రకారం కుర్చీల ముందు నుంచి ఊరేగింపుగా తీసుకుపోసాగారు. భుజంగరావు గారు మార్కులు వేస్తున్నారు. దామోదరం పరిగెత్తుకొచ్చి నా చొక్కా పట్టుకున్నాడు.

"ఏంది సార్ ఇది! పొద్దున్నుంచి నేను అరస్తా ఉంటే, ఆయమ్మకిచ్చినారా నా వేషం?"

నేను స్ట్రెచరుకు అడ్డం పడి రెడ్డెమ్మను దించి కొళాయి దగ్గరికి తీసుకుపోయాను. బాషా కొళాయి తిప్పి పట్టుకున్నాడు. నీళ్ల కింద గుజ్జు కరిగిపోయే కొద్దీ చర్మం కనబడసాగింది. అది కనబడకుండా ఉంటే బాగుండునని అనిపించింది.

"నాయనా, మండిపోతా ఉండాది నాయనా. వాళ్లేంది చప్పట్లు కొడతా ఉండారు?" అంది రెడ్డెమ్మ.

ఆ రోజు మార్కుల కాగితం ఇలా ఉంది. అరుపు: చాలా సహజం. కన్నీరు: సందర్భోచితం. స్ట్రెచరు మీద పడుకునే పద్ధతి: క్రమశిక్షణ లోపించింది. సేఫ్టీ అసిస్టెంటు ప్లానులో లేని కొళాయి వద్దకు బాధితురాలిని తరలించినందువల్ల నీరు వృథా: రెండు మార్కులు తగ్గింపు.

నా మోటారు సైకిలు మీద రెడ్డెమ్మను ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరమ్మ కట్టు కట్టి ఒకటే మాట చెప్పింది: "ఈ చేతికి విశ్రాంతి కావాలి. రోజూ కట్టు మార్చాలి. వేళ్లు కదిలించే వ్యాయామం చేయించాలి. పని చేసిందంటే చర్మం ముడుచుకుపోయి వేళ్లు మళ్లీ మూసుకోవు."

విశ్రాంతి కావాలంటే ప్రమాదం చీటీ కావాలి. చీటీ ఉంటే కార్మికుల ఆసుపత్రిలో వైద్యం, మానేదాకా సెలవు, తిరిగి వచ్చేసరికి పని అలాగే ఉంటుంది. చీటీ లేకపోతే రెడ్డెమ్మ రానిరోజు రెడ్డెమ్మ లేనట్టే. గేటు బయట ఇంకో పదిమంది రెడ్డెమ్మలు నిలబడి ఉంటారు. చీటీ రాసేది నేను. సంతకం పెట్టేది భుజంగరావు గారు.

సాయంత్రమే రాసుకుని పోయాను. ఆయన చదివి, కళ్లజోడు తీసి, నన్ను జాలిగా చూశారు.

"చెంగల్రాయులు, సదరు సంఘటన ఎప్పుడు సంభవించినది?"

"డ్రిల్ రోజునే సార్."

"డ్రిల్ దినముగా ప్రకటింపబడిన దినమున, డ్రిల్ స్థలముగా ప్రకటింపబడిన స్థలమున సంభవించు సమస్త దహన సంఘటనలూ డ్రిల్ పరిధిలోనికే వచ్చును. ఇందులో నీకు గానీ నాకు గానీ విచక్షణాధికారం లేదు."

"చేయి నిజంగా కాలింది సార్."

"నేను కాదనలేదు. నిజంగా కాలడం అనేది ఆమె చిత్తశుద్ధి. అందుకే బహుమతికి సిఫారసు చేశాను."

మరునాడు గేటు దగ్గర సభ పెట్టి రెడ్డెమ్మకు 'ఉత్తమ నటి' అని రాసిన షీల్డు ఇచ్చారు. కుడి చేయి మెడకు కట్టి ఉన్నందువల్ల ఎడమ చేత్తో తీసుకుంది. ఫొటోగ్రాఫరు కుడి చేత్తో తీసుకోమన్నాడు. "ఆ చెయ్యి ఉంటే ఇది నాకెందుకు ఇస్తారు నాయనా?" అంది. అందరూ నవ్వారు. బహుమతులు తీసుకునే వాళ్లు ఒక మంచి మాట చెప్పాలి కదా.

సభ అయ్యాక నా దగ్గరికి వచ్చింది. "ఈ షీల్డు నువ్వే ఉంచుకో. నాకు ఆ చీటీ మాత్రం రాయించి ఇయ్యి. ముద్ద కలపలేకుండా ఉండా. మనవరాలు తినిపిస్తా ఉండాది, అవ్వా నోరు తెరువు అని. సిగ్గుగా ఉండాది నాయనా."

"రాయిస్తాను అక్కా, షీల్డు నీ దగ్గరే ఉండనీ," అన్నాను. అన్నానే గానీ, ఎట్లాగో నాకు తెలియదు. ఆమె మరునాటి నుంచి ఎడమ చేత్తో డబ్బాలు పట్టింది. బరువైనప్పుడు కుడి చేయి కూడా వేసేది.

ఇక్కడితో అయిపోవాల్సిన కథ. కానీ నెలాఖరుకు పై ఆఫీసు నుంచి మెచ్చుకోలు వచ్చింది. ప్రమాదాలు సున్నా, డ్రిల్లులు అదనంగా ఒకటి, అందులోనూ 'అత్యంత వాస్తవికం'. ప్రమాదం జరిగితే ఫ్యాక్టరీ రేటింగులో ఒక నక్షత్రం పోతుంది. డ్రిల్ జరిగితే ఒక నక్షత్రం వస్తుంది. ఈ రెండు వాక్యాలనూ భుజంగరావు గారు పక్కపక్కన పెట్టి చూశారు. గొప్ప గొప్ప ఆవిష్కరణలన్నీ ఇలాగే పుడతాయట.

సర్క్యులర్ వచ్చింది.

"ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, ఇకపై ఈ ఆవరణలో ఉడుకు ద్రవముల వలన సంభవించు ప్రతి సంఘటనయు 'అప్రకటిత డ్రిల్'గా పరిగణింపబడును. ముందుగా ప్రకటించిన డ్రిల్లులో కార్మికుడు సిద్ధముగా ఉండును గనుక అది పరీక్ష కానేరదు. అప్రకటితమే నిజమైన పరీక్ష. బాధితుడు ఇది నిజమని మొరపెట్టుకొనవచ్చును. అట్టి మొరను నటనా పటిమగా గుర్తించి అదనపు మార్కులు వేయవలెను."

ఆ పక్షంలోనే బాయిలరు దగ్గర వేడినీళ్ల గొట్టం ఊడి ఒకతని పిక్క బొబ్బలెక్కింది. అప్రకటిత డ్రిల్. అతను "డ్రిల్లు కాదు దేవుడో!" అని మొత్తుకున్నాడు. అదనపు మార్కులు పడ్డాయి. క్యాంటీన్ వంటమనిషి పాదం మీద సాంబారు ఒలికింది. అతను కుంటుకుంటూ వచ్చి తన పేరు కూడా రాసుకోమన్నాడు. క్యాంటీన్ కాంట్రాక్టుది కాబట్టి కంపెనీ డ్రిల్లులో పాల్గొనే అర్హత లేదని జవాబు వచ్చింది. ఆ కాలు కాలినట్టు కూడా కాదు, నటించినట్టు కూడా కాదు. ఇప్పటికీ ఏమయిందో తేలలేదు.

డిపార్ట్‌మెంట్ల మధ్య పోటీ పెట్టారు. ఒక రోజు బాషా ఒక మెమో పట్టుకుని వచ్చాడు.

"చూడు సార్ అన్యాయం. మా మెయింటెనెన్సోళ్లకు ఈ నెల ఒక్కరికి కూడా కాలలేదంట. భద్రత మీద శ్రద్ధ లేదు, సంజాయిషీ ఇయ్యమంటా ఉండారు. ఏం రాసేది? దయచేసి మన్నించండి, రేపు కాల్చుకుంటాము అనా?"

"నువ్వు ఆ మూడో కెటిల్ వాల్వు మార్చెయ్ బాషా. నేను చెప్పాననుకో."

బాషా సంచీ తీసుకుని పోయాడు, పది నిమిషాల్లో తిరిగొచ్చాడు. "ముట్టుకోనియ్యలేదు సార్. నువ్వే వచ్చి చూడు, గుడి కట్టేసినారు దానికి."

పోయి చూశాను. వాల్వుకు పసుపు రంగు వేసి ఉంది. చుట్టూ గొలుసు. ఇత్తడి రేకు మీద చెక్కించారు: 'శిక్షణ సాధనము. తాకరాదు, బాగు చేయరాదు.' నేను భుజంగరావు గారి గదికి పోయాను.

"సార్, అది కక్కుతూనే ఉంది. మొన్న కూడా ఇద్దరి మీద పడింది."

"ఈ ప్రాంతమంతటిలో అంతటి క్రమం తప్పని శిక్షకుడు మనకు దొరుకునా? జీతం అడగదు, సెలవు అడగదు. దానిని తొలగిస్తే డ్రిల్లులు ఎవరు నిర్వహిస్తారు, నీవా?"

"సార్, కనీసం రెడ్డెమ్మ చీటీ..."

"మళ్లీ అదే మాట! ఉత్తమ నటికి ప్రమాదం చీటీ ఇస్తే, షీల్డు వెనక్కు తీసుకోవాలి. షీల్డు తీసుకుంటే డ్రిల్ రద్దు కావాలి. డ్రిల్ రద్దయితే నక్షత్రం పోవాలి. ఒక్క చేతి కోసం ఆకాశంలోంచి నక్షత్రాన్ని పీకమంటావా?"

ఆయన బాధపడుతూనే అన్నారు. చెడ్డవారు కాదు. ప్రతి ఆయుధ పూజకూ మా అందరికీ ఆయన సొంత ఖర్చుతో మైసూర్ పాకు పంచేవారు.

కాయల కాలం ముగిసే ముందు భద్రతా సంస్కృతి ప్రోత్సాహక మండలి అధ్యక్షులు పరాంకుశం గారు వస్తున్నారని కబురొచ్చింది. మా ఫ్యాక్టరీకి 'సువర్ణ కవచం' అవార్డు దాదాపు ఖాయం. ఆయన ఒక డ్రిల్‌ను కళ్లారా చూసి, అక్కడికక్కడే ఇస్తారు.

"బాధితురాలిగా రెడ్డెమ్మను నిలబెట్టు. అనుభవజ్ఞురాలు," అన్నారు భుజంగరావు గారు.

నేను రెడ్డెమ్మకు ఆ రోజు రావద్దని చెప్పాను.

"రాకపోతే రేపటి నుంచి రానీయరు కదా నాయనా. వస్తాలే. ఇంగ ఆ చేతిలో కాలేదానికి ఏముండాది?" అంది. అప్పటికి ఆమె వేళ్లు చిలుక ముక్కులాగా వంగి ఆగిపోయాయి. పూర్తిగా తెరుచుకోవు, పూర్తిగా మూసుకోవు.

పరాంకుశం గారు తెల్లటి బట్టల్లో వచ్చారు. బంగారు పూత కవచాన్ని ఒక బల్ల మీద పెట్టారు. "భద్రత అనునది ఒక వస్తువు కాదు. అది ఒక అనుభూతి. కొందరు పనిముట్లు బాగుచేసి భద్రత వచ్చినదని భ్రమింతురు. మీరు మనుషులను తీర్చిదిద్దినారు," అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. నేను కూడా కొట్టాను.

రెడ్డెమ్మను పిలిచారు. ఆమె వచ్చి, నేను ముందే చెప్పినట్టు, గొలుసుకు ఇవతల దూరంగా నిలబడింది.

"అదేమిటమ్మా, అంత దూరమా?" అన్నారు భుజంగరావు గారు. "అధ్యక్షుల వారికి కనబడవద్దూ? లోపలికి రా."

"ఈడ్నే బాగుండాది సార్."

"చెంగల్రాయులు, చెప్పు ఆమెకు."

"నాకూ అక్కడే బాగున్నట్టుంది సార్," అన్నాను. నా ఉద్యోగంలో పై అధికారికి ఎదురు చెప్పిన మొదటి మాట అది. చాలా చిన్నగా వచ్చింది.

"ఇదీ మన సమస్య! ఎంత శిక్షణ ఇచ్చినా స్థానం తెలియదు." భుజంగరావు గారు తానే గొలుసు దాటారు. పసుపు వాల్వు ముందు నిలబడి, ప్యాంటు సర్దుకుని, "ఇదిగో, ఇక్కడ. ఇట్లా," అన్నారు.

వాల్వు గురగురమంది.

"సార్, పక్కకు రండి!" అని బాషా అరిచాడు. నేనూ అరిచాను. భుజంగరావు గారు చేయెత్తి మమ్మల్ని వారించారు. "ఎవరూ కదలవద్దు. అధ్యక్షుల వారు చూస్తున్నారు."

ఆయన కుడి మోకాలి నుంచి బూటు లోపలిదాకా పడింది.

ఆ అరుపును నేను వర్ణించను. పరాంకుశం గారు మాత్రం లేచి నిలబడ్డారు. "ఆహా! సంస్థ అధిపతే స్వయముగా బాధిత పాత్ర ధరించుట నేనెక్కడా చూడలేదు!"

"నిజం! నిజంగా కాలింది! అయ్యో!"

"సర్క్యులర్‌లో ఉన్న మొరే కదా?" పరాంకుశం గారు పక్కవారిని అడిగి, అదనపు మార్కులు వేశారు.

స్ట్రెచరు వచ్చింది. నలుగురూ బాగా తర్ఫీదు పొందినవాళ్లు. ఆయన ఎంత తన్నుకున్నా క్రమశిక్షణగా పడుకోబెట్టి, కుర్చీల ముందు నుంచి నెమ్మదిగా తిప్పడం మొదలుపెట్టారు.

"తిప్పేది ఆపండ్రా!" అని కేక వేసింది రెడ్డెమ్మ. "బిన్నా, పరిగెత్తి కొళాయి కాడికి తీసకపోండి! బూటు ఇప్పండి! మనిషి కాలిపోతా ఉంటే మీకు ఊరేగింపేందిరా!"

నేనూ బాషా ఆయన్ను లాక్కుపోయి నీళ్ల కింద కూర్చోబెట్టాం. బూటు తీశాం. ఆయన నా భుజం పట్టుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చారు. నా జేబులో ఎప్పుడూ చీటీల కట్ట ఉంటుంది. తీశాను.

"సార్, ప్రమాదం అని ఒక్క మాట చెప్పండి. రెండు చీటీలు రాస్తాను. మీకొకటి, రెడ్డెమ్మకొకటి. సాయంత్రానికి వాల్వు మారుస్తాడు బాషా. డాక్టరమ్మ ఇప్పుడైనా వ్యాయామం మొదలుపెడితే ఆ వేళ్లు కొంతవరకు వస్తాయంది సార్."

"ప్ర..." అన్నారు భుజంగరావు గారు.

పెన్ను కాగితానికి ఆనించాను.

అప్పుడు పరాంకుశం గారు బంగారు కవచాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, ఫొటోగ్రాఫరుతో సహా మా వైపు రావడం కనిపించింది. భుజంగరావు గారి చూపు ఆ కవచం మీద పడింది. తరువాత తన కాలి మీద. తరువాత గొలుసు దగ్గర నిలబడి ఉన్న రెడ్డెమ్మ మీద. చివరికి మళ్లీ కవచం మీదకే వచ్చి ఆగింది.

"ప్రతిభ," అన్నారు పళ్లు బిగబట్టి. "అంతా మా సిబ్బంది ప్రతిభ. డ్రిల్ విజయవంతము."

కొళాయి కింది నీళ్ల బకెట్టులో కాలు పెట్టుకునే అవార్డు తీసుకున్నారు. ఫొటోలో బకెట్టు రాకుండా తీశారు. నవ్వు బాగానే వచ్చింది. తరువాత ఆయన్ను కారులో వేలూరు తీసుకుపోయారు. అక్కడ చర్మం ఎట్లా పోయిందని అడిగితే ఇంట్లో కాఫీ ఒలికిందని రాయించుకున్నారట.

ఆ సాయంత్రమే నేనూ బాషా గొలుసు తెంపి వాల్వు మార్చేశాం. ఎవరినీ అడగలేదు. కొత్త వాల్వు దగ్గలేదు, తుమ్మలేదు. దాని కింద నిలబడేవాళ్లకు అక్కడొక వాల్వు ఉందనే తెలియకుండా పోయింది.

రెండు నెలలకు పై ఆఫీసు నుంచి విచారణ వచ్చింది. సువర్ణ కవచం పొందిన సంస్థలో అప్రకటిత డ్రిల్లులు హఠాత్తుగా ఎందుకు పడిపోయాయి? నక్షత్రాలు ఎవరి నిర్లక్ష్యం వల్ల పోయాయి? కర్ర ఊతంతో నడుస్తున్న భుజంగరావు గారే విచారణ అధికారి. శిక్షణ సాధనమును ధ్వంసం చేసి, ఫ్యాక్టరీ భద్రతకు తీరని విఘాతం కలిగించినందుకు నన్ను పనిలోంచి తీసేశారు. బాషా పేరు నేను చెప్పలేదు. నేను గేటు దాటుతుంటే బాషా వచ్చి చేయి పట్టుకున్నాడు. "పాత వాల్వు నా దగ్గరనే ఉండాది సార్. ఎప్పుడన్నా వాళ్లు అడిగితే, కరగబెట్టి అమ్మేసినానని చెప్తా."

రెడ్డెమ్మ చీటీ నేను రాయలేకపోయాను. ఆమె ఇప్పుడు ఫ్యాక్టరీకి పోవడం లేదు. డబ్బా పట్టలేని చేతికి అక్కడ పని లేదన్నారు. పోయిన వారం ఇంటికి పోతే, చెంచాతో అన్నం తింటోంది. నన్ను చూసి చెంచా కంచం కింద దాచింది. షీల్డును తలుపు గాలికి కొట్టుకోకుండా ఆనించి పెట్టింది.

మా ఫ్యాక్టరీ గేటు మీద 'ప్రమాదం లేకుండా గడిచిన రోజులు' అనే బోర్డు ఉంది. అందులో అంకె రోజూ పెరుగుతూనే ఉంది. మీరు ఆ రోడ్డున పోయేటప్పుడు బస్సులోంచి చదువుకోవచ్చు. అది తప్పని నిరూపించే కాగితం నా దగ్గర ఒక్కటీ లేదు. కాబట్టి మిమ్మల్నే అడుగుతున్నాను. రెడ్డెమ్మ అని ఒక ఆమె, డబ్బాలు పట్టేది, కుడి చేయి. ఆమెను గుర్తుపెట్టుకోండి. ఉత్తమ నటిగా మాత్రం వద్దు. ఆమెకు నటించడం రాదు.